సూదుల బిళ్ళ

పూల కొట్టు వెనక గదిలో అక్క, చెల్లెలు. హోటలు హాల్లో రేపు పొద్దున బల్లల మీద పెట్టాల్సిన పూలగిన్నెలు సర్దుతున్నారు. అక్క గిన్నె అడుగున సూదులు పైకి నిలిచిన సీసం బిళ్ళ పెట్టి, ఆ సూదులకి పూలకాడలు గుచ్చుతోంది.

"చెయ్యి ఇటివ్వక్కా."

"ఎందుకు?"

"రక్తం. ఇటివ్వు."

"సూదులన్నాక గుచ్చుకోవా ఏంటి."

"పొద్దుట్నించీ ఇదే వరస. ఆ బిళ్ళలు అవతల పెట్టు. పూలు గుచ్చే ఫోమ్ ముక్కలు నానబెట్టి తెస్తాను, హాయిగా వాటిలో గుచ్చు."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దంటే వద్దు. ఫోమ్ ఒక్కసారికే, తర్వాత చెత్త. ఈ బిళ్ళలు చూడు, అమ్మమ్మవి. సీసం అరగలేదు, ఇత్తడి సూది ఒక్కటి ఊడలేదు."

"అమ్మ వీటిని అటకెక్కించేసింది కదా. కాడలు నిలబడ్డానికి కోళ్ళ గూటికి కొట్టే ఇనపవల ఉండచుట్టి జాడీలో కుక్కేది. ఫోమ్ వచ్చాక ఆ వల పారేయించింది నువ్వే. చేతులు గీరుకుపోయే రోజులు పోయాయే అన్నావు. అన్లేదూ?"

"అన్నాను."

"మరి?"

"మరేంటి. అప్పుడన్నాను, ఇప్పుడనట్లేదు."

"మాట దాటెయ్యకు."

"ఆ గులాబీ అందుకో. తెల్లది."

"ఇదిగో. అక్కా, అక్కడ కాదు, ఇంకాస్త ఇటు..."

"తెలుసు. వేలితో చూస్తున్నాగా."

"నిన్న డాక్టరేమన్నాడు?"

"ఏమంటాడు. చూపులో చుట్టూ అంచులు మిగులుతాయట, మధ్యలోది పోతుందట. మందు లేదన్నాడు. ఫీజు మాత్రం ఉంది."

"ఇంకో డాక్టరుకి చూపిద్దాం."

"చూపించాం కదే. ఎంతమందికని."

"పోనీ నువ్వు చెప్తూండు, నేను గుచ్చుతాను."

"నోటితో పూలు పెడతారుటే ఎవరైనా. ఈ పనీ పోతే నేనేం చెయ్యను? గుమ్మంలో కూర్చుని వచ్చినవాళ్ళని గొంతుబట్టి పోల్చుకోనా? నాకు భయంగా ఉందే."

"అలా అనకక్కా."

"పోయిన వారం హోటలువాళ్ళేమన్నారు?"

"బాగున్నాయన్నారు. చాలా బాగున్నాయన్నారు."

"అంత గబగబా చెప్పకు."

"నిజమే చెప్తున్నా. చెయ్యి తిరిగినదానివి, నీకేం..."

"మరి అంత ముందుగా హోటలుకెందుకెళ్ళావు?"

"సర్దడానికి."

"సర్దడానికి."

"బండి కుదుపులకి వంకరపోతాయిగా."

"పోతాయి, పోతాయి."

"ఏడుస్తున్నావా?"

"ఈ మధ్య నీళ్ళు కారుతున్నాయిలే, వాటంతటవే. ఆ తుడిచేది ఇటివ్వు."

"ఫోమ్ తేనా? ఒక్కసారి నా మాట విను. కాడ మెత్తగా దిగుతుంది, వేళ్ళు తెగవు. నీ చేతులు చూడలేకపోతున్నానక్కా."

"కూర్చో. చెప్తాను, మళ్ళీ అడక్కు. ఫోమ్‌లో గుచ్చిన కాడ పీకేస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది... కన్నం మిగులుతుంది."

"పూడుతుందా?"

"పూడదు."

"వాడేసిన ఫోమ్ ముక్కలు వెనక్కి తెచ్చి డబ్బాలో పడేస్తావు కదా. మొన్న తడిమి చూశాను. నేను గుచ్చిన కాడలకంటే కన్నాలే ఎక్కువున్నాయి."

"అక్కా..."

"ఒక్కదాంట్లో కాదు. అన్నిట్లో."

"ఏదో ఒకటీ అరా, అదీ ఊరికే..."

"నేను పెట్టినవి మార్చొద్దనట్లేదే. మార్చకపోతే మనకి పని రాదు, ఆ మాత్రం నాకు తెలీదా. రేపూ ముందుగానే వెళ్ళు. సూదుల మీద నువ్వెన్నిసార్లు పీకి గుచ్చినా నా వేలికి తగిలే జాడ ఉండదు. అందుకే దించాను వీటిని."