పేరున్న వైపు గోడకి

హలో… ఆ, నేనే. లైబ్రరీ కౌంటర్ నుంచే… ఎవరూ? …ఓహో, దర్జీల పిల్లా! ఏమైపోయావమ్మాయ్ ఇన్నాళ్ళూ? నీ కుర్చీ మీద దుమ్ము పేరుకుపోయింది.

…ఆ… అయ్యో. నాన్నగారికా? …ఇప్పుడెలా ఉంది? …అప్పుడే మళ్ళీ మిషను దగ్గర కూర్చుంటున్నారా! …వద్దన్నా వినరా? వినరులే, ఆ చేతులు ఊరుకోవు.

…ఉండు, నువ్వు మొదలుపెట్టేలోపు నా మాట విను. శుభవార్త. …పెళ్ళేంటి తల్లీ, నాకీ వయసులోనా? …నువ్వో అర్జీ పెట్టుకున్నావు చూడు, పుస్తకాల్లో పేజీలు ఫోన్‌తో ఫొటో తీసుకుంటానని? …పర్మిషన్ వచ్చింది! ప్రిన్సిపాల్ గారి సంతకంతో సహా. …మరేమనుకున్నావ్. …అవును, ఇన్నాళ్ళూ అడ్డం పడ్డవాణ్ణి నేనే. కౌంటర్లో ఫోన్ పెట్టందే లోపలికి పోనిచ్చానా? రూలు రూలే. ఇప్పుడు రూలు మారింది, నేనూ మారాను. ముందు మీ నాన్నగారి కాలరు బొమ్మ ఫొటో తీసి ఆయనకి చూపించు. కుర్రతనంలో ఆయన గీసింది ఆ దర్జీల పత్రికలో అచ్చయిందని ఎన్నిసార్లు చెప్పావు!

…ఏంటి, గొంతు అలా ఉంది? …చెప్పు. …ఊఁ. …థీసిస్ వెనక్కి పంపారా? ఎందుకని? …పత్రికలోంచి నువ్వు ఎత్తి రాసిన మాటలకి పేజీ నంబర్లు లేవనా? …మాటలన్నీ చేత్తో దించుకుని నంబర్లు వదిలేశావా? …తర్వాత చూసుకుందామని. సర్లే, అందరూ చేసేదే. …నెలాఖరుకా? …అప్పటికి చూపించలేకపోతే? …రద్దా! అంటే మొత్తం పోయినట్టేనా? …ఇన్నేళ్ళ చాకిరీ…

…ఎందుకమ్మా కంగారు? సోమవారం వచ్చెయ్. ఆ పత్రిక రెండు సంపుటాలూ ముందేసుకుని ఒక్కరోజు కూర్చుంటే అయిపోతుంది. …నీ కోసం తీసి పక్కన పెడతాను. లైన్లో ఉండు, ఇప్పుడే చూస్తా. …ఏయ్, ఆ మూల బెంచీ! గుసగుసలు తగ్గించండి. …నిన్ను కాదులే. నేను గట్టిగా మాట్లాడొచ్చు, కౌంటర్ నాది.

…

హలో. …రాక్‌లో లేవమ్మాయ్. …పత్రికల రాక్‌లోనే, కింద నుంచి పైదాకా చూశాను. …కంప్యూటర్లో మాత్రం ఉన్నట్టే చూపిస్తోంది. …బయటికెలా పోతాయి, అవి ఇంటికిచ్చేవి కావుగా. ఇక్కడ కూర్చుని చదవాల్సిందే. …ఉండు, ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడూ దొరకలేదు. మన జిగురు మాస్టారు వచ్చి ఇవే అడిగారు. …ఆయనే. …ఆ పేరు పెట్టింది నువ్వేగా! చేతికి పుస్తకం అంటుకుంటే ఇక ఊడిరాదని.

…కాదు, ఇంటికి పట్టుకెళ్ళడానికి కాదు. మొత్తం స్కాన్ చేయించి కంప్యూటర్లో పెట్టిస్తానని ప్రిన్సిపాల్ గారిని ఒప్పించి మరీ వచ్చారు. ఇలాంటివి ఇంకెక్కడా లేవు, పాడైపోతే మళ్ళీ రావు అన్నారు. …నిజంగానే అన్నారు. ఆ మనిషంటే నాకూ పడదు గానీ, ఆ రోజు మాత్రం ముచ్చటేసింది. …ఏం చేస్తాను? వెతికి వెతికి, లేవండీ అని పంపించేశాను.

…హలో? …అమ్మాయ్, ఉన్నావా?

…ఎవరు దాచారు? …నువ్వా? …ఆయన పట్టుకుపోతారనా! …అబ్బ, మీ చదువుకునేవాళ్ళ బుద్ధులే ఇంత. ఒకడు లెక్కల పుస్తకాన్ని వంటల పుస్తకాల వెనక దూరుస్తాడు, ఇంకోడు నిఘంటువుని బీరువా మీదికి ఎక్కిస్తాడు. పరీక్షలొస్తే చాలు, నాకు ఈ దాగుడుమూతలే సరిపోతాయి. …తిట్టడం లేదులే. దాచావంటే ఉన్నాయన్నమాట. బతికించావు! ఎక్కడ? …నవ్వను, చెప్పు. …ఎవరూ మొహం చూడని చోటా?

…

…పశువైద్యమా?

…

…ఆ. వింటున్నాను. …చివరి రాక్. అడుగు వరస. …పేరున్న వైపు గోడకి తిప్పి పెట్టావు. …తెలివైన పనే. …ఏం లేదు, తెలివైన పనే అంటున్నాను.

…అక్కర్లేదమ్మా, చూసి రానక్కర్లేదు. …ఆ రాక్ లేదు. అక్కడిప్పుడు మంచినీళ్ళ కూలర్ పెట్టారు.

…ఆ కోర్సు ఎత్తేశారు. నువ్వు నాన్నగారి దగ్గరున్నప్పుడే. కోర్సే లేనప్పుడు పుస్తకాలెందుకని పైనుంచి ఆర్డర్ వచ్చింది. …పాత కాగితాల కింద అమ్మేశాం. …ఒక్కొక్కటీ ఎవరు తిప్పి చూస్తారు తల్లీ? …అవును. చూడాలి. చూడాల్సింది నేనే. …వరసల్లో ఉన్నవి ఉన్నట్టు కట్టలు కట్టేశాం. పేరు కనపడని వాటినీ పశువుల పుస్తకాలే అనుకున్నాం. …మాస్టారు వచ్చిన రోజుకి ఆ రాక్ ఉంది. ఆయన నా ఎదురుగా నిలబడ్డారు, నీ పుస్తకాలు నా వెనకాలే ఉన్నాయి.

…ఏ దుకాణానికి అమ్మామనా? …ఆ కొట్టాయన్ని అడిగినా లాభం లేదమ్మా. …రోడ్డు పక్క పాత పుస్తకాల బళ్ళ మీదా ఉండవు. …ఎలా చెబుతున్నానంటే, మా దగ్గరొక పద్ధతుంది. కాలేజీ ముద్రున్న పుస్తకం బజార్లో కనపడితే పరువు పోతుందని, లారీతో పాటు ఒక మనిషి కాగితం మిల్లు దాకా వెళ్ళాలి. అన్నీ తొట్టెలో వేసి నానబెట్టేదాకా దగ్గరుండి చూసి, అయిపోయిందని వచ్చి చెప్పాలి.

…నేనే వెళ్ళాను.

…కళ్ళారా చూశాను. …నీలం గుడ్డ అట్టలు కదూ? లావుగా? …ఆ. నీళ్ళ మీద కాసేపు తేలాయి. రంగు దిగి అక్కడంతా నీలంగా అయింది. పశువుల పుస్తకాలకి ఇంత మంచి బైండింగ్ ఎవరు చేయించారబ్బా అనుకున్నాను. …చెయ్యి చాపితే అందేవి.

…లేవు. …అట్ట కూడా మిగలదమ్మా, అంతా జావలా అయిపోతుంది.

…అరిచెయ్. ఎంత కావాలంటే అంత అరిచెయ్, పడతాను. …బాబాయ్, ఒక్క పేజీ, ఒక్క ఫొటో అని ఎన్నిసార్లు బతిమాలావు! నేనే కదా వద్దన్నాను. …నీ తప్పని నేననడం లేదు. …సరే, ఇద్దరిదీ. …ఆ జిగురు మాస్టారు ఎత్తుకుపోయినా బాగుండేది. ఊడిరాకపోయినా, ఆయనింట్లో ఉండేవి.

…వేరే లైబ్రరీలా? …నువ్వే థీసిస్‌లో రాశావుగా, ఈ ఒక్క ప్రతే మిగిలిందని. …పోనీ నేనొచ్చి చెప్పనా, పుస్తకాలు ఇక్కడుండేవని? మీ గైడ్ గారికి, ఆ పరీక్షించే ఆయనకి? …నమ్మరా? …అవును, నా మాటకి పేజీ నంబర్లుంటాయా.

…ఏమో తల్లీ. నాకేం తోచడం లేదు. దారేదైనా ఉంటే చెప్పనా? …లేదు. …ఏడవకమ్మా. …పోనీ ఏడువు.

…వెనకాల ఎవరది? నాన్నగారా? …నీ అరుపులు విని వచ్చినట్టున్నారు. కళ్ళు తుడుచుకో. …ఏమంటున్నారు? …పుస్తకం దొరికిందా అనా? …ఏం చెప్పావ్?

…దొరికిందన్నావా?

…వద్దు. ఫోన్ ఆయనకివ్వకు. నేనేం మాట్లాడను? …అమ్మాయ్, నా మాట విను, వద్దు—

…

నమస్కారం అన్నగారూ. …బాగున్నానండి. మీ ఒంట్లో ఎలా ఉంది? …మంచిది, మంచిది. …ఆ, దొరికాయండి. …రెండూ. …రాక్‌లోనే ఉన్నాయి, ఎక్కడికి పోతాయి? …గొంతా? జలుబండి. …మీ అమ్మాయి ఊరికే భయపడింది. …లేదండి, చెదలు పట్టలేదు. …అవును, నీలం గుడ్డ అట్టలే. రంగు కూడా పోలేదు.

…కాలరు బొమ్మా? …ఉందండి. కళ్ళారా చూశాను. …కింద మీ పేరు కూడా ఉంది.

…ఆ, సోమవారం పంపించండి. …ఫొటోనా? తీసుకోవచ్చండి. పర్మిషన్ వచ్చింది… ఆ… ఉంటానండి.