ఎవరి ‘అట’ అది?

1993 జూలై 12న ఛాయాదేవి గారు మా పత్రిక విజయవాడ కార్యాలయంలో ప్రూఫ్ రీడరుగా చేరారు. ఈ నెలాఖరున సీనియర్ సబ్ ఎడిటరుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్య ఆమె ఎక్కువసార్లు అభ్యంతరం చెప్పిన మాటలో ఉన్నవి రెండే అక్షరాలు: అట.

కాలువకు నీళ్ళు వదిలారట, మిర్చి ధర తగ్గిందట అని విలేకరులు రాసి పంపితే, ఆ మాట చుట్టూ పెన్సిలుతో గీసి, అంచున ‘ఎవరి అట?’ అని రాసి వెనక్కి పంపేవారు. జవాబు వచ్చేదాకా వార్త పేజీలోకి వెళ్ళేది కాదు. విసుగెత్తినవారు ఆమెకు ‘అటమ్మ’ అని పేరు పెట్టుకున్నారు. అది ఆమె చెవిన పడింది. ‘ఎవరు పెట్టారట?’ అని ఒక్కసారి అడిగి ఊరుకున్నారు.

2009లో పాఠశాలల పేజీని ఆమెకు అప్పగించారు. పద్ధతిని ఆమే ఏర్పరచుకున్నారు. సోమవారం ఒక బడికి వెళ్ళి, ఆ వారం ఊళ్ళో నలుగుతున్న విషయమొకటి పిల్లల ముందు పెట్టేవారు. వాళ్ళు ఇళ్ళల్లో, వీధుల్లో అడిగి రావాలి. శుక్రవారం తరగతిలో చర్చ; పిల్లలు రాసుకున్నదే పేజీలో వచ్చేది. ఎవరేం చెప్పినా, ఎవరిని అడిగారో ముందు చెప్పాలి. కంకిపాడు పిల్లలు కాలువ నీళ్ళ గురించి వాదించుకున్నారు. కొండపల్లి పిల్లలు బొమ్మల చెక్క ఎందుకు దొరకడం లేదో తేల్చడానికి కూర్చున్నారు. అక్కడ కిరీటి అనే విద్యార్థి వాళ్ళ నాన్నను అడిగి వచ్చానన్నాడు. నాన్న మాట కాదనేవాళ్ళను కూడా అడిగావా అని ఈమె అన్నారు.

“అడిగానండీ. మా అమ్మని.”

ఆ రోజు తరగతి సద్దుమణగడానికి కొంతసేపు పట్టిందని ఆమే మాకు చెప్పారు.

2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ వైపు వరద వచ్చింది. నీళ్ళు తీసి, బడులు తెరిచాక ఆమె అక్కడి ఒక బడిలో తొమ్మిదో తరగతికి వెళ్ళారు. నీళ్ళొస్తున్నాయని మీ ఇంటికి ఎవరు చెప్పారన్నది ఆ వారం ప్రశ్న. జుబియా అనే అమ్మాయి లేచి, తమ వీధిలో అందరికీ ముందే తెలిసిందట అంది. ఎవరి అట అని ఆమె అడిగారు. జుబియా శుక్రవారంలోగా వీధిలో తలుపులన్నీ తట్టింది. పక్కవాళ్ళకు పక్కవాళ్ళు చెప్పుకున్నారు. వీధి చివర ఒంటరిగా ఉండే రావమ్మ గారికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు. పడవ వచ్చేదాకా ఆమె మంచంమీద కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

చర్చ ముగిసే వేళకు జుబియా మళ్ళీ లేచింది.

“మేడం, మీ ఇల్లు కూడా ఈ పక్కేగా. మీకెవరు చెప్పారండీ?”

“నాకూ ఎవరూ చెప్పలేదమ్మా.”

పిల్లలు ఆ మాట కూడా రాసుకున్నారు. పేజీ దిద్దినది ఆమే. ఆ వాక్యాన్ని కొట్టేయలేదు.

వరద వచ్చిన ఆదివారం ఆమెకు వీక్లీ ఆఫ్. ఛాయాదేవి గారు చుట్టాలింటికి వెళ్ళారట అని డెస్కులో ఎవరో అన్నారు. ఎవరి అట అని అడిగే మనిషి ఆ రోజు డెస్కులో లేరు. ఊరికంతటికీ వరద కబురు అందించిన మాకు, ఆమె నీళ్ళ మధ్య ఒక్కరే ఉన్న సంగతి ఆ పేజీ అచ్చయ్యాకే తెలిసింది. నీళ్ళు తగ్గి డ్యూటీకి వచ్చిన రోజు, ఆటోలు దొరకలేదని మాత్రమే చెప్పారు.

వచ్చే నెల నుంచి పాఠశాలల పేజీని సింధూరి గారు చూస్తారు. ఛాయాదేవి గారు సింగ్‌నగర్ ఇంట్లోనే ఉంటారు. ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇకపై ఎలా గడుపుతారని అడిగాను.

“సోమవారం పొద్దున అలవాటు కొద్దీ తయారవుతానేమోనండీ. ఎక్కడికన్నది తర్వాత చూసుకోవాలి” అన్నారు.

వారు ఆయురారోగ్యాలతో చిరకాలం ఉండాలని కార్యాలయం తరఫున కోరుకుంటున్నాం. ఛాయాదేవి గారు బాగానే ఉన్నారట అని ఇకముందు మనలో ఎవరైనా అంటే, అది ఎవరి అట అని పక్కవారు అడగాలి. జవాబు రాకపోతే, ఇద్దరూ లేచి సింగ్‌నగర్ ఆటో ఎక్కాలి.