రూతు రిపోర్టు

కరీంనగర్ శివారులో, గాయాలతో దొరికిన అడవి జంతువులను సాకే చోటు. ఎలుగుబంటి పిల్ల రూతు బోను ముందు కాపలాదారు యేసుదాసు, పశువుల డాక్టరు మధులిక. ఆమె చేతిలో ఒక కాగితం. యేసుదాసుకు కాగితాలంటే మొదటినుంచీ పడదు.

"బోను కడగాలె డాక్టరమ్మా. జర జరుగుండ్రి."

"కడిగిన బోనే మల్ల కడుగుతున్నవ్. చీపురు పక్కకు పెట్టు యేసన్నా. రూతు మలం రిపోర్టు వచ్చింది."

"మంచిగనే వచ్చిందా? ఎల్లుండి ఆదిలాబాద్ అడవికి తోలుడే గదా?"

"ఎక్కడి తోలుడు? దాని పేగులల్ల బాక్టీరియా క్రిములు ఏ మందుకూ చస్తలేవు. ల్యాబుల వాటి మీద ఏడు మందులు ఏసి చూసిండ్రట."

"గట్టి పిల్ల. నేను ముందే చెప్పిన."

"గట్టిది పిల్ల కాదు, క్రిములు. గవి అడవిల మిగతా జంతువులకు అంటుకుంటయి. రేపు దీనికే జబ్బు చేస్తే మందు పనిచెయ్యది. నిజం చెప్పు, దీనికి గోలీలు ఏసినవా?"

"గోలీలా? ఏం గోలీలు?"

"యేసన్నా."

"ఏసిన అంటే... ఏసినట్టు కాదు. బెల్లంల పెట్టిన."

"ఎన్ని?"

"ఒక్కటి."

"ఒక్కటేనా?"

"ఒక్కొక్కటే. తుమ్మినప్పుడల్లా."

"యాడియి గవి?"

"మా చర్చిల జరం తక్కువైనోళ్లు గోలీలు సగంల ఆపుతరు గదా. పారెయ్య మనసు రాదు. కోతపండుగకు చర్చికి కానుకగ ఒకలు గుమ్మడికాయ తెస్తరు, ఒకలు కోడిని తెస్తరు. లిడియక్క రూతు కోసమని గోలీలు తెచ్చింది. ఇగ అందరు తెచ్చిండ్రు. పాస్టరయ్య ప్రార్థన గూడ చేసిండు."

"గోలీల మీదనా?"

"డబ్బా మీద."

"నవ్వియ్యకు. గట్ల సగం సగం ఏస్తనే క్రిములు మొండికెత్తుతయి. ఇగ రూతు ఎన్నేండ్లు గీ బోన్లనే ఉండాల్నో."

"తల్లి లేని పిల్లని సీసపాలు పట్టి సాకిన డాక్టరమ్మా. అది అడవి చూడాలెనని ప్రార్థన చెయ్యని దినం లేదు. నేనే దాని బతుకు ఆగం చేసిన్నా?"

"నీ ఒక్కని తప్పంటే నౌకరి పోతది. గోలీలు ఇచ్చినోళ్ల పేర్లు చెప్పు, అందరివి రాస్త."

"వద్దు."

"ఎవలను దాస్తున్నవ్? మొదలు ఇచ్చింది లిడియానేనా?"

"లిడియక్క తర్వాత. ఆమెకంటే ముందు ఒకలున్నరు. రాయకుండ్రి."

"పెన్ను తీసిన. చెప్పు."

"వానకాలంల మీకు దగ్గైంది. రెండు దినాలకే తక్కువైంది. మిగిలిన గోలీలు నా చేతుల వెట్టి, 'పారెయ్ యేసన్నా' అన్నరు."