ఎర్ర చార

ఆసుపత్రిలో మంచం పట్టిన అడవుల శాస్త్రవేత్త పక్కన ఆమె శిష్యుడు వచ్చి కూర్చున్నాడు.

"ఏరా, మన చెట్ల కొలతలు తెచ్చావా?"

"చెట్లు లేవు మేడమ్. ఎర్ర చార ఉన్నవన్నీ కొట్టెయ్యాల్సినవే అనుకుని నరికేశారట కాంట్రాక్టరు మనుషులు."

"అది మనం చుట్టుకొలత తీసే చోటికి గుర్తు కదరా!"

"వాళ్లకేం తెలుసు? చార లేనివి నిక్షేపంలా ఉన్నాయి."

"అంటే గొడ్డలిని మనమే బొట్టు పెట్టి పిలిచామన్నమాట."

ఆమె మోచేతి మీద ఆని కాస్త పైకి లేచింది.

"మొదళ్లున్నాయా?"

"రేపు పెకలిస్తారు."

"మరిక్కడ కూర్చున్నావేం? వెళ్లి వాటి వలయాలు లెక్కపెట్టు. నరక్కుండానే, చుట్టుకొలతను బట్టి చెట్టు వయసు చెప్పొచ్చని జన్మంతా వాదించాను. నిజమో కాదో ఇప్పుడు తేలుతుంది."

"కాదని తేలితే?"

"అచ్చు వేయించు. నా పేరు మాత్రం తీసెయ్యకు."