మొంటానా నెంబరు బండి

మొంటానా అడ్రసా? ఉంది, ఎందుకు లేదూ. ఆ డ్రాయర్లో ఎక్కడో పడి ఉంటుంది. ముందు కూర్చో తల్లీ. ఆ పేపర్లు కింద పెట్టేసి కూర్చో, అన్నీ పాతవే. ఏం బండి అన్నావు? రొట్టెలమ్మే వ్యానా? నువ్వే కోసి, నువ్వే అతికి, లోపల మంచం కూడా వేశావా! గట్టిదానివే. మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో కుదరదన్నారు, అంతేగా. ఎక్కడో మొంటానా రాష్ట్రంలో కాగితం మీద ఓ కంపెనీ పెట్టి, బండి ఆ కంపెనీదని రాయించేస్తే నెంబరు ప్లేటు పోస్టులో వచ్చేస్తుందని ఎవడో చెప్పుంటాడు. నిజమే, అక్కడి ఏజెంటుకి రాస్తే వస్తుంది. బండి మొంటానా మొహం చూడక్కర్లేదు, నువ్వూ చూడక్కర్లేదు. దాని కింద దూరి చూసేవాడు ఎవడూ ఉండడు. స్పేర్ పార్టుల కొట్టు నడిపిన రోజుల్లో ఈ ఊళ్ళో ఎంతమందికి రాయించి పెట్టానో నేను. పెద్ద పెద్ద మోటారు ఇళ్ళవాళ్ళు, మిలటరీ జీపులవాళ్ళు, ఆరు చక్రాల పిచ్చివాళ్ళు. అందరూ బాగానే తిరిగారు. ఎమ్లిన్ ఒక్కడే.

ఎమ్లిన్ ఎవరంటావేంటి టెస్సా? మీ తాత స్టెఫాన్ లేడూ, ఆయన చెల్లెలు మిల్కా. ఆ మిల్కా మొగుడు. ఎమ్లిన్ ప్రాసర్. అబ్బో, మీ ఇంట్లో ఆ పేరు ఎత్తరుగా, మర్చిపోయాను. మిల్కా ప్రమాదంలో పోయిందని చెప్పుంటుంది మీ అమ్మ. అబద్ధమేం కాదులే. అడ్రసు ఇస్తాను, ఇవ్వనని కాదు. కానీ మీ తాత మనవరాలివి నువ్వు, నా చేత్తో నీకు ఆ కాగితం ఇస్తూ నోరు మూసుకుని కూర్చుంటే నాకు అన్నం సయించదు. విని వెళ్ళు.

ఎమ్లిన్‌దీ మీ తాతదీ ఒకే ఫ్యాక్టరీ. రైలు వ్యాగన్లు చేసేవాళ్ళే, ఇప్పుడక్కడ గోడౌన్లున్నాయి చూడు, అది. ఇద్దరూ వెల్డర్లే. పెళ్ళికాక ముందు జోడు ఎడ్లలా తిరిగేవాళ్ళు, చెల్లెల్ని ఇచ్చింది కూడా అందుకే. మన జాతి కాని వెల్ష్ వాడికి పిల్లనిస్తావా అని మీ ముత్తవ్వ నెత్తీ నోరూ కొట్టుకుంటే, "అమ్మా, వీడు చెయ్యి వేస్తే అతుకు కనబడదే, కాపురం కూడా అలాగే చేస్తాడు" అన్నాడట మీ తాత. డెబ్భై ఎనిమిదిలో సమ్మె వచ్చింది. ఐదు నెలలు. నాలుగో నెలలో మిల్కాకి కడుపులో బిడ్డ పోయింది, ఆవిడ ప్రాణం మీదికే వచ్చింది, ఆస్పత్రికి డబ్బుల్లేవు. ఎమ్లిన్ ఎవరితోనూ చెప్పలేదు, ఒక సోమవారం పొద్దున్నే డబ్బా పట్టుకుని గేటు దాటి పనికెళ్ళిపోయాడు. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళలో మీ తాత ఉన్నాడు. "బావా, మిల్కా కోసంరా బావా" అన్నాడట వీడు. మీ తాత ఉమ్మేశాడు. నేలమీదే అనుకో. సమ్మె ఓడిపోయింది, మీ తాతని మళ్ళీ తీసుకోలేదు. ఎమ్లిన్ మాత్రం ముందూ వెనకా కలిపి ముప్ఫై ఏళ్ళు అక్కడే చేసి బయటికొచ్చాడు. మీ తాత ఎక్కడెక్కడో చేసి, పరీక్షలు రాసి, చివరికి బ్రేక్ ఇనస్పెక్టరు అయ్యాడు. చర్చిలో ఒకరి వెనక ఒకరు నిలబడేవాళ్ళు, మాట లేదు. మిల్కా మాత్రం అన్నయ్యకి పండక్కి బంగాళాదుంప కూరి పిరోగీలు చేసి గుమ్మంలో పెట్టి వచ్చేది. గిన్నె కడిగి తిరిగి వచ్చేది, మాట వచ్చేది కాదు.

ఏం చెప్తున్నాను? ఆఁ, బండి. ఎవడో రైతు కోళ్ళషెడ్డులో ముప్ఫైల నాటి ట్రక్కు డొల్ల ఒకటి దొరికింది ఎమ్లిన్‌కి. కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి అందులో. దానికి వేరే బండి ఛాసిస్, ఇంకో బండి ఇంజను, మరో దాని స్టీరింగు, అన్నీ నా కొట్లోంచే మోసుకెళ్ళాడు. ఆరు చలికాలాలు పట్టింది. పిల్లల్లేరు కదా వాళ్ళకి. మిల్కా సీట్లు కుట్టింది, ముదురు ఎరుపు గుడ్డ. మొదటిసారి స్టార్టు చేసినరోజు వీధి వీధంతా వచ్చింది. ఏం మోగిందనుకున్నావు! మిల్కా చెవులు మూసుకుని నవ్వుతోంది, ఎమ్లిన్ ఏడుస్తున్నాడు, పొగ కళ్ళలో పడిందంటాడు.

ఇంక రోడ్డు మీదికి రావాలంటే తనిఖీ. మన జిల్లాకి సొంతంగా కట్టిన బండ్లు చూసేవాడు ఒక్కడే. మీ తాతే. మిల్కా అంది, "మంచిదేనయ్యా, ఈ వంకతో అయినా మాట్లాడుకుంటారు" అని. తీసుకెళ్ళాడు. మీ తాత బండి చుట్టూ ఒక్క చుట్టు తిరిగాడు. "చక్రాల మీద రెక్కలు చిన్నవి. హెడ్‌లైట్లు ఎత్తు చాలదు. ఫెయిల్." అదీ న్యాయమే కదా అనుకున్నాడు ఎమ్లిన్. నెల తిరిగేసరికి రెక్కలు మార్చాడు, లైట్లు ఎత్తాడు. రెండోసారి, "ఛాసిస్ నెంబరు సరిగ్గా కనబడటం లేదు. అద్దం ఏ రకమో ముద్ర లేదు. ఫెయిల్." సరే, నెంబరుకి కాగితాలు తెప్పించాడు, అద్దం మార్చాడు. మూడోసారి నేను కూడా వెళ్ళాను. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను తల్లీ, మీ తాత కుర్చీలోంచి లేవలేదు. కిటికీలోంచి చూశాడు. కాగితం మీద ఫెయిల్ ముద్ర కొట్టేసి, "దీన్ని నేను రోడ్డెక్కించను" అన్నాడు. "ఎందుకు బావా? తప్పేంటో చెప్పు, సరిచేస్తాను" అని ఎమ్లిన్ అడిగాడు. ఆ గొంతులో ఎంత బతిమాలుకోవడం ఉందంటే నాకే సిగ్గేసింది. మీ తాత, "తరువాత ఎవరండీ?" అన్నాడు.

ఆ రోజు ఇంటికొస్తూ ఎమ్లిన్‌కి మొంటానా సంగతి చెప్పింది నేనే. ఇంకెవరు చెప్తారు? కోపం వచ్చింది నాకు. "నీ బావ దగ్గర ముద్ర కోసం దేవులాడటం ఏంట్రా, రెండు కాగితాలు రాస్తే అయిపోయేదానికి" అన్నాను. కంపెనీకి పేరు పెట్టాలంటే మిల్కా, "పిరోగీ రవాణా కంపెనీ" అంది. ప్రెసిడెంటు కూడా ఆవిడే. మొగుడి సంతకం కోడి గీకినట్టుంటుందని ఆవిడ చేసింది. ప్లేటు వచ్చాక నెలరోజులు నన్ను చూసినప్పుడల్లా, "ఓర్విల్ అన్నయ్యా, ప్రెసిడెంటుగారికి దండం పెట్టవా?" అనేది. మూడు వేసవులు తిరిగారు. ఆదివారం చర్చి అవగానే కొండమీద చెరువుదాకా వెళ్ళడం, ఐస్‌క్రీము తినడం, దిగి రావడం. అంతకుమించి ఎక్కడికీ వెళ్ళలేదు ఆ బండి. మీ తాత ఇంటి ముందునుంచే వెళ్ళేది. మిల్కా చెయ్యి ఊపేది. ఆయన గడ్డి కోసుకుంటూ తల ఎత్తేవాడు కాదు.

తొంభై తొమ్మిది సెప్టెంబరులో, ఆదివారం మధ్యాహ్నం, దిగుతుంటే, రాతిగోడ మలుపు ఉంది కదా, అక్కడ స్టీరింగు తిరిగింది, చక్రాలు తిరగలేదు. అంతే. నన్నే పిలిచారు లాగడానికి, నా దగ్గరే కదా క్రేను లారీ. నేను వెళ్ళేసరికి మిల్కాని తీసేశారు. ఎమ్లిన్ గోడమీద కూర్చుని ఉన్నాడు, భుజం ఎముక బయటికొచ్చింది, తెలీటం లేదు వాడికి. "తిప్పానురా ఓర్విల్, తిప్పానురా" అంటున్నాడు. ఇలా రెండు చేతులూ తిప్పి చూపిస్తున్నాడు. బండిని పైకెత్తాక చూశాను. కింద చక్రాలని కలిపే రాడ్డు మధ్యలో ఊడిపోయింది, అతుకు దగ్గర. వాడి అతుకే. పొట్టిగా ఉందని, బండి కట్టేటప్పుడు ఎప్పుడో జనవరిలో, గడ్డకట్టే చలిలో, వెల్లకిలా పడుకుని, ప్రస్తుతానికి అని ముక్క వేసి అతికాడు. తరవాత కొత్తది వెయ్యాలనుకున్నాడు. మర్చిపోయాడు. ముప్ఫై ఏళ్ళు వ్యాగన్లు అతికినవాడు, ఆ ఒక్క అతుకు లోపలికి దిగలేదు.

రెండో రోజు పోలీసాయన వచ్చాడు నా యార్డుకి. కుర్రాడు, మంచివాడే. కాగితం తీసి, "బండి అప్పజెప్పాలంటే యజమాని సంతకం కావాలండి. ఏదో పిరోగీ కంపెనీ అని ఉంది. ప్రెసిడెంటు ఎవరు?" అన్నాడు. ఎమ్లిన్ చెయ్యి మెడకి కట్టుకుని నా పక్కనే ఉన్నాడు. "ఆవిడని రేపు పదింటికి పాతిపెడుతున్నామండి" అన్నాడు. ఆ కుర్రాడు టోపీ తీసేశాడు. ఆ కాగితం ఏమైందో ఎవరూ మళ్ళీ అడగలేదు, బండి నా దగ్గరే ఉండిపోయింది.

తరవాత ప్రతి ఆదివారం ఎమ్లిన్ మీ తాత ఇంటికి వెళ్ళి గుమ్మం మెట్టు కింద నిలబడేవాడు. తలుపు కొట్టడు. "బావా, తిట్టు బావా. నువ్వు చెప్తే వినలేదు. వచ్చి తిట్టిపో" అనేవాడు. తలుపు తెరిచేవారు కాదు. మీ అమ్మకి గుర్తుండాలి, అప్పుడు ఆ ఇంట్లోనే ఉంది. అడుగు, చెప్తుందేమో.

నవంబరులో అనుకుంటా, మీ తాత నా యార్డుకి వచ్చాడు. "బండేది?" అన్నాడు. చూపించాను. కోటు విప్పి, ఆ బురదలో వెల్లకిలా పడుకుని కిందకి దూరాడు. ఎంతసేపటికీ రాడే. బూట్లు మాత్రం కనబడుతున్నాయి నాకు. గుండె ఆగిందేమో అని భయమేసి వంగి చూస్తే, ఆ రాడ్డు ముక్క పట్టుకుని కళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. చెయ్యిచ్చి లేపాను. "ఒరేయ్ ఓర్విల్, టార్చి కూడా అక్కర్లేదురా" అన్నాడు. "పడుకుంటే చాలు, ఎదురుగా ఉంది. స్టీరింగు రాడ్డుకి అతుకు. మొదటి రోజు చేరినవాడైనా పట్టుకుంటాడు. మూడుసార్లు తెచ్చాడురా నా దగ్గరికి. నేను ఒక్కసారి వంగలేదు." రెక్కలు, అద్దాలు, ముద్రలు, అన్నీ నిలబడి చూసినవే కదా. వంగి చూసి ఉంటే రాసేవాడు, రాస్తే ఎమ్లిన్ సాయంత్రానికి మార్చేసేవాడు. "వెళ్ళి వాడికి చెప్పు స్టెఫాన్" అన్నాను. "చెప్తాను" అన్నాడు. కోటు మర్చిపోయి వెళ్ళిపోయాడు. చెప్పలేదు. ఆ ఆదివారమూ తలుపు తియ్యలేదు, ఆ పై ఆదివారమూ తియ్యలేదు. ఆ ఏడాదే ఉద్యోగం మానేశాడు. నడుంనొప్పి అని చెప్పుకున్నారు.

ఏడవకు. ఏడుస్తావనే ఇన్నాళ్ళూ... నేనేమీ మీ తాతని అనటంలేదు. అడ్రసు ఇచ్చింది నేను, అతికింది వాడు, వంగనిది ఈయన. ఎవడి వాటా వాడిది.

రెండు చలికాలాలు బతికాడు ఎమ్లిన్. ఊపిరితిత్తులు పోయాయి, ఆ వెల్డింగు పొగకి. ఆస్పత్రిలో చివరి వారం నేను పక్కన కూర్చునుంటే అన్నాడు, "ఒరేయ్, మా బావవి ఏం కళ్ళురా! కిటికీలోంచి చూసి పట్టేశాడు. నేను ఇన్నేళ్ళూ సమ్మె కోపం అనుకున్నాను. కోపం కాదురా, చెల్లెలి మీద ప్రేమ. దాన్ని ఎక్కనివ్వకూడదనే కదా మూడుసార్లు వెనక్కి పంపాడు. ఏరా, అవునా?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. మొహం ఎంత తేటగా ఉందో. నా నోట్లో మాట ఉంది. మీ తాత బురదలోంచి లేచి అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా ఉంది. అవునురా, అన్నాను. అందుకే పంపాడురా, అన్నాను.

ఏం చెయ్యమంటావు? చెప్పాల్సిందంటావా? నిజం చెప్తే వాడి బరువు సగం దిగేదేమో. లేకపోతే ఉన్న ఆ ఒక్క మంచిమాటా పోయేదేమో. మర్నాడు పోయాడు. మీ తాత వచ్చాడు పాతిపెట్టేటప్పుడు. దూరంగా, కంచె అవతల నిలబడ్డాడు. నేను వెళ్ళి చెప్పాను, వాడు నీ గురించి ఇలా అన్నాడు స్టెఫాన్ అని. ఆయన నన్ను చూసిన చూపు...

పోనీలే, ఇదిగో అడ్రసు, ముందు ఎవరినైనా నీ బండి కింద దూరి చూడమను. మీ అమ్మ మోకాలి ఆపరేషను ఎప్పుడన్నావు, మంగళవారమా?