పై బల్ల పళ్ళు

క్రిస్మస్ వెళ్ళిపోయింది, చలి వెళ్ళలేదు. ఒడిశా కొండల్లోని లమ్తపుట్‌లో జయరాజు మాస్టారి ఇంటి వెనక గదిలో ఆయన భార్య పుష్పకుమారి దాచిన యాపిల్ పళ్ళు ఏరుతోంది. జయపురంలో నర్సుగా చేసే కూతురు రేచల్ గుమ్మంలో నిలబడి ఉంది.

“…తలుపు దగ్గరికెయ్యి అమ్మీ. ఎండ పడకూడదు.”

“నాన్న యాపిల్ అడిగేరమ్మా.”

“ఇస్తన్నాను కదేటి. ఇదిగో, ఇది సూడు. ఇటు పక్క కొంచెం మెత్తబడింది. అది కోసి పారేస్తే మిగతాదంతా బావుంటాది.”

“మళ్ళీ మెత్తబడిందేనా?”

“ముందు దీన్ని తినకపోతే రేపటికి పక్కదానికి అంటుకుంటాది. మనింట్లో ఎప్పుడూ అంతే కదా.”

“ఎప్పుడూ అంతే. చెట్టు కాపుకొచ్చిన దగ్గర్నుంచీ నేను సగం ముక్కలే తిన్నాను. మన యాపిల్ గుండ్రంగా ఉంటుందని ఊళ్ళోవాళ్ళు చెప్తే తెలిసింది.”

“నవ్వించకు, సేతిలో కత్తుంది. ఆ మూల సంచేటి?”

“ఆలూ. నిన్న సంతలో తెచ్చేను.”

“తీసీ, తీసీ! యాపిళ్ళున్న గదిలో ఆలూ పెడతారా ఎవరైనా? రెంటికీ పడదు. మీ మేనత్తా నేనూ ఒక్క గదిలో ఉన్నట్టే.”

“సరే, తీస్తాను. పై బల్ల మీద అన్ని ఉన్నాయి కదా, అందులోది ఒకటివ్వు.”

“పై బల్ల జోలికెళ్ళకు.”

“గడ్డి పరిచి, ఒక్కోదాన్నీ ఒడియా పేపర్లో చుట్టి, ఒకదానికొకటి తగలకుండా చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టేవు. ఒకటి తీస్తే ఏటవుతాది?”

“రాత్రి ఏటైనా తిన్నారా?”

“మాట మార్చకమ్మా.”

“తిన్నారా అని అడిగేను.”

“గంజి తాగేరు. కొంచెం.”

“ఆ పెద్దాసుపత్రిలో ఏటన్నారు? మళ్ళీ ఓసారి సెప్పు.”

“చెప్పేను కదా. నీరసం. మందులు వాడితే తగ్గుతుందన్నారు.”

“ఆపరేషను వద్దన్నారు.”

“అవసరం లేదన్నారు.”

“అవసరం లేదన్నారా.”

“అదే కదా చెప్తున్నాను.”

“అయితే మంచిదే.”

“మంచిదే. అమ్మా, ఒకటివ్వు. మచ్చ లేనిది. ఈ ఒక్కసారికి.”

“ఏటే అంత తొందర? పళ్ళెక్కడికి పోతాయి?”

“పళ్ళెక్కడికీ పోవు.”

“మరి?”

“ఏం లేదు. నోరు తెరిచి అడిగేరు కదా, అని.”

“సలి తగ్గేదాకా ఉంటాయవి. ఇంకా రెండు నెలలు…”

“రెండు నెలలు ఎవరిక్కావాలమ్మా!”

“ఏటన్నావు?”

“ఏం అన్లేదు. అన్నాళ్ళుంటే కుళ్ళిపోతాయి అన్నాను.”

“కుళ్ళవు. రోజూ వాసన సూస్తన్నాను.”

“డానియల్ కోసమేనా?”

“ఏటది?”

“పై బల్ల. తమ్ముడొస్తాడని దాస్తున్నావు. అంతేనా?”

“వాడొస్తాడు. నువ్వే కదా రాయగడకి ఫోన్ సేసి, సెలవు రాసుంచుకో అన్నావు.”

“నీకెవరు చెప్పేరు?”

“గోడకి ఇవతల పడుకుంటే వినబడదేటి?”

“ఊరికే అన్నాను. వాణ్ణి చూసి చాన్నాళ్ళయింది కదా అని.”

“ఊరికే.”

“ఊరికేనమ్మా! అయితే వాడికేనన్నమాట. మాంసం కూరలో పెద్ద ముక్క వాడికి, కిటికీ పక్క మంచం వాడికి, ఇప్పుడు యాపిళ్ళూ వాడికి. నాకు అక్కర్లేదు, నేను అడగట్లేదు. అడిగింది నాన్న. ఎండల్లో కుంట దగ్గర్నుంచి బకెట్లు మోసి పెంచేరు ఆ చెట్టుని. ఒక్క మంచి పండుకి నోచుకోరా?”

“అరవకు. ఇప్పుడే కునుకు పట్టింది ఆయనకి.”

“పిసినారితనం కాకపోతే ఏటిది? చెప్పు!”

“పిసినారినే. అను.”

“నేను తీస్తన్నాను.”

“అమ్మీ, ఒగ్గీ.”

“ఒగ్గను.”

“రేచల్! కాగితం సింపకు. సింపకన్నానా!”

“…ఎంత బావుందమ్మా. ఒక్క గీత కూడా లేదు.”

“ఇటియ్యి.”

“ఎవరికో చెప్పు, ఇచ్చేస్తాను. డానియల్ అని నీ నోటితో చెప్పు, ఇప్పుడే పెట్టేస్తాను.”

“వాడికి కాదు.”

“మరి పాస్టరు గారికా? కోత పండగ ఎప్పుడో అయిపోయింది.”

“వచ్చేవోళ్ళకి.”

“ఎవరొస్తారు?”

“కొండల మీంచి. మీ నాన్న దగ్గర అచ్చరాలు దిద్దినోళ్ళు. కబురు తెలిస్తే ఒక్కరైనా ఆగుతారా? పిల్లల్నెత్తుకుని నడిసొస్తారు. ఆ రోజు ఈ ఇంట్లో పొయ్యెవరు ముట్టిస్తారు?”

“ఏ కబురమ్మా?”

“భూస్థాపన అయ్యేసరికి మధ్యాన్నం దాటిపోతాది. అందాకా కాళీ కడుపుల్తో నిలబెట్టొద్దన్నారు. సేతికొక పండియ్యి, మచ్చ లేకుండా సూసి ఇయ్యి అన్నారు. కుర్చీ ఏయించుకుని ఆయనే ఏరేరు. ఒక్కోటీ అందిస్తుంటే కాగితం నేను సుట్టేను.”

“నాన్నా? నాన్నే ఏరేరా?”

“మీరు ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు.”

“నేను చెప్పలేదు కదా! మీ ఇద్దరికీ ఒక్క ముక్క కూడా… ఆయన ముందు రిపోర్టు కూడా తీయలేదు…”

“సుగరు రోగమని ఆయన టీలో పంచదార గింజ పడనిచ్చేదానివి కాదు. ఆయాళ పొద్దున్న నిండా రెండు సెంచాలు నువ్వే ఏసేవు, నువ్వే కలిపేవు, నువ్వే తెచ్చిచ్చేవు. తాగి, గ్లాసు కింద పెట్టి, కాసేపు సెట్టుకేసి సూసి, ‘పద పుష్పా, పళ్ళేరుదాం’ అన్నారు.”

“అమ్మా…”

“ఉష్, ఏడవకు, వినబడతాది. అసలు నీకు సెప్పొద్దనే అన్నారు. ‘మన దగ్గర దాయడానికి పిల్ల నానా అవస్థా పడతంది పుష్పా, మనకి తెలీనట్టే ఉందాం’ అన్నారు.”