సున్నం వేసిన రాయి

1969 వేసవి, ప్రత్యేక రాష్ట్రం గొడవల మధ్య ఒక ఆదివారం పొద్దున. గడ్డిఅన్నారంలో సూర్యప్రభ కట్టించుకున్న ఇల్లు. సామానంతా మూటలు కట్టడం అయింది. భర్త రామారావు స్టేషనుకి బండి మాట్లాడడానికి వెళ్లాడు. ఆమె చేతిలో ఒక రాయితో, వెనక గదిలో అద్దెకుండే ఎస్తేరమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"దీనికి సున్నం ఉంది ఎస్తేరూ. చూడు."

"గొడవలు జేసేటోళ్లు ఏసినరు గదమ్మా. ఏడికెల్లి తెచ్చిన్రో ఏమో."

"గొడవ చేసేవాళ్లు రాళ్లకి సున్నం కొట్టి, ఆరబెట్టుకుని మరీ వస్తారా?"

"గట్లెట్ల ఒస్తరు."

"మరి?"

"నాకేం తెలుస్తదమ్మా."

"ఇది నా మల్లెపాదు చుట్టూ పేర్చిన రాయి. గృహప్రవేశానికి నా చేత్తో సున్నం వేశాను. బొక్కెన నువ్వే పట్టుకున్నావు."

"పట్టుకున్న."

"ఇప్పుడు ఆ పాదు చూడు. పళ్లూడిన నోరులా ఉంది."

"పోయే ముంగట గివన్ని ఎందుకమ్మా. బండి ఒచ్చే యాళ్లయింది. రైల్ల తినడానికి రొట్టెలు కట్టియ్యనా?"

"మాట మార్చకు. మీ ఆయన స్తెఫను ఏడీ?"

"పనికి పోయిండు. మలక్‌పేటల గోడ లేపుతుండ్రు."

"ఆదివారమా? చర్చికి వెళ్లలేదూ?"

"ఈ ఆయితారం పోలే. మొకం ఎట్ల సూపియ్యాలె అన్నడు."

"ఎవరికి? దేవుడికా, నాకా?"

"ఇద్దరికి."

"అన్ని రాళ్లు పడ్డాయి. కిటికీ అద్దం ఒక్కటి పగల్లేదు. అన్నీ ఉత్త గోడకే తగిలాయి. దేవుడి దయ అనుకున్నాను."

"ఆ అద్దాలు బిగిచ్చింది మాయనే గదమ్మా. పగలగొట్ట చేతులు రాలేదంట."

"అంటే వేసింది స్తెఫనే."

"జర మెల్లగ. పక్కింటోళ్లు ఇంటరు."

"పక్కింట్లో ఎవరున్నారు? సుమిత్రమ్మగారు పోయిన నెలే తాళం వేసుకుని తెనాలి వెళ్లిపోయారు. నేనొక్కదాన్నే ఇన్నాళ్లూ కదలనని కూర్చున్నాను."

"కూసున్నరు."

"నీకు కాన్పు కష్టమైతే దవాఖానాకి వెంట వచ్చింది ఎవరు?"

"మీరే."

"ఈ గదికి ఎప్పుడైనా అద్దె పెంచానా?"

"పెంచలే."

"పెంచినా బాగుండేది. ఎందుకు వేశాడో అర్థమయ్యేది."

"మీ మీద కోపం లేదమ్మా ఆయనకు."

"కోపం లేకుండానే రాళ్లు వేస్తాడా?"

"ఇండ్లు కట్టేటోనికి ఇల్లు లేదు, గదీ సంగతి. మీ ఆంధ్రోళ్లు పోవట్టిరి, ఇండ్లు మస్తు ఖాళీ అయినయి, ధరలు సగానికి సగం పడిపోయినయని అందరంటరు. మాకేం పడ్డయి? కిరాయికని పోతే పేరడుగుతరు. స్తెఫను అంటే గది లేదంటరు. ముందు రోజు ఆ గదికే సున్నం కొట్టొచ్చిండు మాయన."

"అందుకని నా ఇంటి మీదా?"

"ఈ గది, ఎనక జాగ మాకే రాసిస్తమన్నరు. ఆశ పడ్డడు. నేను ఒద్దన్న. అన్న గానీ, గట్టిగ అనలే."

"రాసిస్తామన్నది ఎవరు? సాంబమూర్తిగారా?"

"గదెందుకమ్మా ఇప్పుడు."

"చెప్పు. సగం ధరకి ఇల్లు కొనుక్కుని పైగా రాళ్లు వేయించాడా? మా ఊరివాడు, మావారి స్నేహితుడు అనే కదా మొన్న ఆయన పేర రిజిస్ట్రీ చేశాను."

"గాయన గాదు."

"మరి ఎవరు?"

"జర నీళ్లు తాగుండ్రి."

"ఎస్తేరూ."

"మీ ఇంటాయన."

"ఏమన్నావు?"

"రామారావుసారే ఏయమన్నడమ్మా. ఎవరి తలకు తగలద్దు, ఊకె సప్పుడైతే సాలు, ఆమె భయపడాలె అన్నడు."

"నీ మొగుణ్ణి కాపాడుకోవడానికి నా మొగుడి మీద పెడుతున్నావా?"

"బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తా."

"వద్దు. బైబిలూ వద్దు, ఏదీ వద్దు. ఇలాంటి మాటలు..."

"ముంగటి గదిలకెల్లి మీ మంచం లోపలికి జరిపింది ఎవరమ్మా?"

"ఆయనే. దోమలని."

"రాళ్లు పడ్డంకనా, పడక ముందా?"

"పడ్డాకే. కాదు. ఉండు. ఆ మధ్యాహ్నం జరిపారు. సాయంత్రం... సాయంత్రం కదూ మొదటి రాయి పడింది."

"కూసోండమ్మా. గీ పీట మీద కూసోండి."

"దోమతెర కూడా కట్టారు ఎస్తేరూ. నాలుగు మూలలా తనే కట్టారు."

"కట్టిండు."

"రాయి పడగానే నా చెయ్యి పట్టుకుని వణికిపోయారు. నేనే ఆయనకి ధైర్యం చెప్పాను."

"నాకు గవన్ని తెల్వదమ్మా."

"భయం. ఆయనకి భయం, అంతే. ఆఫీసులో మొన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లే ఇప్పుడు మొహం తిప్పుకుంటున్నారు. రోజూ ఇంటికొచ్చి ఒకటే పాట. ఈ నెల అమ్మకపోతే వచ్చే నెల అడిగేవాడు ఉండడు, ఇల్లు ఇక్కడ మట్టిలో కలిసిపోతుంది అని."

"మీరు ఇనకపోతిరి."

"ఎలా వింటాను? మా నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన మాగాణి అమ్మి కట్టిన ఇల్లు. నా పేర ఉంది. చచ్చినా సంతకం పెట్టనన్నాను. మొండిదాన్ని. నాలాంటిదాన్ని కదిలించడానికి ఇంకేం చెయ్యగలరు చెప్పు."

"ఇల్లు మీదే గదమ్మా."

"పెళ్లాం ప్రాణం దక్కితే చాలనుకుని చేశారు. మోసమే. కానీ నాకోసం చేసిన మోసం. ఊళ్లో ఏదో ఒక పెంకుటిల్లు చూసుకుని ఇద్దరం బతుకుతాం."

"అమ్మా..."

"నువ్వేం ఏడవకు. సాంబమూర్తిగారితో నేను మాట్లాడతాను. మీ గది ఖాళీ చేయించొద్దని చెప్పి మరీ బండెక్కుతాను."

"గింత తెలిసినంక సుత మా గది గురించి అడుగుతరా?"

"స్తెఫను చేసినదానికి నీ పిల్లల్ని రోడ్డు మీద నిలబెట్టనా?"

"గట్ల అనకుండ్రి. మీరు గట్ల మంచిగ అంటే నా కడుపుల ఏదీ దాగదు."

"ఇంకా దాగేదేముంది?"

"ఆయన్ని అడిగేదేం లేదమ్మా. సాంబమూర్తిసారు ఊకె పేరుకే."

"పేరుకేమిటి?"

"మిమ్మల్ని ఊర్ల దింపి రామారావుసారు ఒక్కడే తిరిగొస్తడంట. గొడవలు సల్లవడ్డంక ఇల్లు తన పేర్ల మార్పిచ్చుకుని మేడ లేపుతడంట, పునాది ఆగుతదా అని నిన్ననే మాయన్ని అడిగిండు."